అండమాన్ ప్యాకేజీలో పది చోట్లు... మరి కూర్చునేది ఎప్పుడు?

ప్రశ్న: మాది విజయనగరం. నేను టీచర్‌ని. నాకు 38, మావారికి 43. పెళ్లై పద్నాలుగేళ్లు. ఇన్నేళ్లలో తిరుపతి, షిర్డీ, అరకు తిరిగాం గానీ ఎప్పుడూ పదిమందితోనే. ఇద్దరమే కలిసి ఒక్క రాత్రి కూడా బయట ఉన్నది లేదు. ఈ సంక్రాంతికి మా అత్తగారు వచ్చి నెల్లాళ్లు ఉంటున్నారు. ‘పిల్లల్ని నేను చూసుకుంటా, మీరిద్దరూ ఎక్కడికైనా వెళ్లి రండి’ అని ఆవిడే అన్నారు. అండమాన్ అనుకున్నాం. మా ఊరి ట్రావెల్ ఏజెంటు ఐదు రాత్రులు, ఆరు పగళ్ల ప్యాకేజీ వాట్సాప్‌లో పంపాడు. మీకూ జతచేస్తున్నాను. ‘అంత డబ్బు పెట్టి వెళ్తున్నప్పుడు అన్నీ చూడొద్దా’ అంటారు మావారు. నాకేమో సముద్రం ముందు కూర్చుంటే చాలు. పైగా నాకు బస్సెక్కితేనే వాంతులు, ఈత రాదు. ఆయనకి స్కూబా, అదే గాలి సిలిండర్ కట్టుకుని సముద్రంలోపల ఈదడం, చేయాలని ఉంది. ఏం చేయమంటారు? దీనికన్నా మాల్దీవులు నయమా? ఇంకోటి, నవ్వకండి. అక్కడ చీరలు కట్టుకుంటే ఎబ్బెట్టుగా ఉంటుందా?

సమాధానం: మీ అత్తగారు ఆ మాట తనంతట తానే అన్నారంటే ముందు ఆవిడకి దండం పెట్టండి. ఆవిడ మనసు మారేలోపు టికెట్లు తీసేయండి. మిగతావి తర్వాత మాట్లాడుకుందాం.

మీరు పంపిన ప్యాకేజీ చదివాను. మొదటి రోజు పోర్ట్ బ్లెయిర్‌లో దిగగానే కార్బిన్స్ కోవ్ బీచి, సెల్యులర్ జైలు, రాత్రికి లైట్ అండ్ సౌండ్ షో. రెండో రోజు రాస్ ఐలాండ్, నార్త్ బే. మూడో రోజు హావ్‌లాక్ దీవి చేరి కాలాపత్తర్, రాధానగర్ బీచిలు. నాలుగో రోజు పొద్దున ఎలిఫెంట్ బీచి, మధ్యాహ్నం నీల్ ఐలాండ్‌కి పడవ. ఐదో రోజు భరత్‌పూర్, నేచురల్ బ్రిడ్జి, లక్ష్మణ్‌పూర్ చూసుకుని సాయంత్రానికి మళ్లీ పోర్ట్ బ్లెయిర్. ఆరో రోజు విమానం. విస్తట్లో పది రకాలు వడ్డించి, రెండు ముద్దలు తినగానే ఆకు ఎత్తేసినట్టుంది. మీ ఏజెంటుని తిట్టక్కర్లేదు లెండి, ఇంచుమించు అందరూ పంపేది ఇదే. ఫొటోలు మారతాయి, అంతే.

ఇలాంటి ప్యాకేజీ మీదే పదేళ్ల కిందట మా ఆయనా నేనూ వెళ్లాం, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను. రాధానగర్ బీచి చేరేసరికి నాలుగున్నర. బీచి వెనకాల ఆకాశమంత ఎత్తు చెట్లు, ఆ నీడలోంచి ఇసుకలోకి అడుగు పెట్టగానే ఎదురుగా నీళ్లు. ఒడ్డు దగ్గర రంగే లేనట్టుంటాయి, కాస్త దూరం పోయాక లేతాకు పచ్చ, ఆ పైన నీలం. చెప్పులు చేత్తో పట్టుకుని ఇద్దరం నడవడం మొదలుపెట్టాం. మా ఆయన ఏదో చెప్పబోయారు. పెళ్లైన ఇరవై ఏళ్లకి ఆయన తనంతట తాను కబురు మొదలుపెట్టడం అదే మొదలేమో. సరిగ్గా అప్పుడే డ్రైవరు హారన్ కొట్టాడు. ఇంకో జంటని జెట్టీ దగ్గర ఎక్కించుకోవాలట. సూర్యాస్తమయం వ్యాన్ కిటికీలోంచి చూశాం. ఆయన చెప్పబోయిందేమిటో నాకు ఇప్పటికీ తెలీదు, అడిగితే గుర్తులేదంటారు. అది చాలదన్నట్టు చివరి రోజు గాలివాన వచ్చి మా పడవ రద్దయింది, పోర్ట్ బ్లెయిర్‌లో విమానం మా కోసం ఆగలేదు. మళ్లీ టికెట్లు కొనుక్కుని ఇంటికొచ్చాం. ఆ డబ్బు సంగతి మాత్రం మా ఆయనకి బాగా గుర్తు.

రెండోసారి వెళ్లినప్పుడు ఒక్క హావ్‌లాక్‌లోనే ఉన్నాం. మీకు చెప్పేదీ అదే. దీవుల్లో ఒకచోటి నుంచి ఇంకోచోటికి వెళ్లడమంటే మన దగ్గర ఊరు మారడం లాంటిది కాదు. పోర్ట్ బ్లెయిర్ నుంచి హావ్‌లాక్‌కి ప్రైవేటు పడవలో గంటన్నర నుంచి రెండు గంటలు పడుతుందని ప్యాకేజీలో రాస్తారు. పొద్దున్నే లేచి పెట్టె సర్దడం, గది ఖాళీ చేయడం, గంట ముందే జెట్టీకి చేరి లైన్లో నిలబడి సామాను స్కాన్ చేయించుకోవడం, దిగాక కారు కోసం వెతుక్కోవడం, హోటల్‌కి వెళ్తే ‘గది పన్నెండు తర్వాతే’ అంటే రిసెప్షన్‌లో కూర్చోవడం ఇవేవీ రాయరు. అన్నీ కలిపితే సగం రోజు పోయినట్టే. మీ ప్యాకేజీలో ఇలాంటి ప్రయాణాలు మూడున్నాయి. అంటే ఆరు రోజుల్లో ఒకటిన్నర రోజు జెట్టీల పాలు. రాకపోకల విమానాలకి ఇంకో రెండు రోజులు తీసేయండి. మిగిలిన రెండున్నర రోజుల్లోకి పది చోట్లనీ కుక్కారన్నమాట.

కాబట్టి నీల్ ఐలాండ్‌ని ఈసారికి వదిలేయండి. మనసొప్పదు, నాకు తెలుసు. ఆ దీవిలో ఊళ్ల పేర్లు సీతాపూర్, భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్, రామ్‌నగర్. ఒక సైకిలుంటే దీవంతా చుట్టిరావచ్చు. నిజానికి ఏమీ చేయకుండా కూర్చోవాలనుకునేవాళ్లకి హావ్‌లాక్ కన్నా నీలే మంచిదని వాదించేవాళ్లున్నారు, వాళ్ల మాటా కొట్టిపారేయలేను. కానీ మీవారికి స్కూబా కావాలి, మీకు మంచి ఇసుక తీరం కావాలి, ఇద్దరికీ ఇదే మొదటిసారి. అందుకని హావ్‌లాక్. నార్త్ బే కూడా వద్దు. పాత ఎర్ర ఇరవై రూపాయల నోటు వెనక కొబ్బరిచెట్ల మధ్య లైట్‌హౌస్ ఉండేదే, అది ఆ నార్త్ బేదే. ఇంట్లో పాత నోటు దొరికితే చూసేసుకోండి, చూసినట్టే లెక్క.

రోజుల లెక్క ఇలా వేసుకోండి. మొదటి రోజు పోర్ట్ బ్లెయిర్‌లో దిగి, భోంచేసి, కాసేపు పడుకుని, సాయంత్రం సెల్యులర్ జైలు ఒక్కటే చూడండి. రాత్రికి అక్కడే ఉండండి. రెండో రోజు పొద్దుటి పడవకి హావ్‌లాక్. అక్కడ మూడు రాత్రులు. పెట్టె ఒక్కసారే విప్పుతారు, బట్టలు బీరువాలో పెడతారు. ఐదో రోజు మధ్యాహ్నం పడవకి తిరిగి పోర్ట్ బ్లెయిర్, ఆరో రోజు విమానం. విమానం ఎక్కే రోజు పొద్దున హావ్‌లాక్ నుంచి బయల్దేరదామని ఎవరు చెప్పినా వినకండి. ‘మేడమ్, ఏం కాదు, రోజూ అందరూ అలాగే వెళ్తారు’ అంటారు. మాకూ అలాగే చెప్పారు.

టికెట్ల మీద కొత్త పేర్లు చూసి కంగారు పడకండి. 2018 డిసెంబర్‌లో హావ్‌లాక్‌ని స్వరాజ్ ద్వీప్ అనీ, నీల్‌ని షహీద్ ద్వీప్ అనీ మార్చారు. పోర్ట్ బ్లెయిర్‌కి 2024లో శ్రీ విజయపురం అని పేరు పెట్టారు. నోటి మాటలో పాత పేర్లే నడుస్తున్నాయి.

ఇక ఎప్పుడు వెళ్లాలంటారా. కనుమ నాడు కాకి కూడా కదలదు, మీ అత్తగారు మిమ్మల్ని ఎలాగూ కదలనివ్వరు. పండక్కొచ్చినవాళ్లంతా తిరిగివెళ్లే రెండు మూడు రోజులు విమాన ఛార్జీలు మండిపోతుంటాయి. రిపబ్లిక్ డే సెలవు దగ్గరకొస్తే హోటళ్లు నిండిపోతాయి. ఈ రెంటికీ మధ్య ఒక వారం ఉంటుంది చూడండి, అది పట్టుకోండి. జనవరిలో వాన భయం పెద్దగా ఉండదు. విశాఖ నుంచి నేరుగా విమానం కుదరకపోతే చెన్నై మీదుగా వెళ్లడం తేలిక, చెన్నై నుంచి రెండుంపావు గంటల ప్రయాణం. విశాఖ నుంచి అప్పుడప్పుడూ ఓడ కూడా ఉంది గానీ ఒకవైపుకే రెండున్నర, మూడు రోజులు పడుతుంది. వాంతులయ్యే మనిషికి ఆ మాట చెప్పడం కూడా పాపమే.

తేదీలు ఖాయం చేసే ముందు గోడమీది క్యాలెండర్‌లో తిథి చూడండి. వర్జ్యం కోసం చెప్పట్లేదు. హావ్‌లాక్‌లో ఎక్కువ హోటళ్లు తూర్పు వైపున గోవింద్ నగర్, విజయ్ నగర్ బీచిల మీద ఉన్నాయి. ‘సీ వ్యూ’ అని ఫొటోలో నీళ్లు గుమ్మం దాకా ఉంటాయి. మీరు వెళ్లి కర్టెన్ తీసేసరికి సముద్రం వెనక్కి పోయి ఉంటుంది. వంద గజాల దూరం దాకా బురద, రాళ్లు, పాచి, వాటి మధ్య ఎండ్రకాయలు. రెండోసారి వెళ్లినప్పుడు పక్క గది వాళ్లు మేనేజర్‌తో గొడవ పడుతుంటే విన్నాను, సముద్రం ఏదయ్యా అని. ఆటుపోట్లు మరి! రోజుకి రెండుసార్లు నీరొస్తుంది, రెండుసార్లు పోతుంది. వేళ రోజూ ముప్పావుగంట, యాభై నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది. అమావాస్యకీ పౌర్ణమికీ ఈ తేడా బాగా ఎక్కువ, అష్టమి దగ్గర తక్కువ. మీకు గది ముందే నీళ్లు కావాలంటే మీరుండే మూడు రోజులు అష్టమికి అటూ ఇటూ పడేలా చూసుకోండి.

అలాగని అమావాస్య వదులుకోవాల్సినదేమీ కాదు. చంద్రుడు లేని రాత్రుల్లో అక్కడి నీళ్లలో చెయ్యి కదిపితే నీలంగా మిణుకుమిణుకుమంటుంది. నీళ్లలో ఉండే కంటికి కనపడని జీవుల వెలుగు అది. చిన్న కయాక్ పడవల్లో తీసుకెళ్లి చూపిస్తారు. మీ అత్తగారు అమావాస్య ప్రయాణం వద్దంటే, ప్రయాణం ముందు రోజే అయిపోయిందనీ అమావాస్య నాడు ఒకేచోట కూర్చుని ఉంటామనీ చెప్పండి. అబద్ధమేం కాదు కదా.

గది తీసుకునేటప్పుడు ఫోన్ చేసి రెండే ప్రశ్నలు అడగండి. నీరు పోయినప్పుడు బీచి ఎలా ఉంటుంది? కరెంటు పోతే జనరేటర్ మీద ఏసీ నడుస్తుందా, ఫ్యానేనా? మొదటి ప్రశ్నకి నీళ్లు నమలకుండా జవాబు చెప్పినవాళ్ల దగ్గర గది తీసుకోండి. నీల్ ఐలాండ్ మానేస్తే ఒక పడవ ఛార్జీ, ఒక ట్యాక్సీ ఖర్చు మిగులుతాయి. ఆ డబ్బు కూడా గదికే పెట్టండి. ఎదురుగా చెట్లు, వరండాలో రెండు కుర్చీలు, మధ్యలో చిన్న బల్ల ఉండాలి. మీరు ఎక్కువసేపు గడిపేది అక్కడే.

రాధానగర్‌లో ఈ ఆటుపోట్ల బాధ తక్కువ, అడుగంతా మెత్తటి ఇసుక. 2004లో టైమ్ పత్రిక ఆసియాలోనే మంచి బీచి అని రాసింది దీన్నే. జెట్టీ వైపు నుంచి పది, పన్నెండు కిలోమీటర్లు. స్కూటీ అద్దెకిస్తారు, కిందటిసారి మేం రోజుకి 500 ఇచ్చాం. మీవారు నడుపుతుంటే వెనక కూర్చుని వెళ్లండి, పెళ్లైన కొత్తలో బండి మీద తిరిగిన రోజులు గుర్తొస్తాయి. దార్లో వక్కతోటలు, అరటి, ఇళ్ల ముందు చేపలు ఎండబెట్టుకునే బెంగాలీవాళ్లు. ఒకప్పుడు తూర్పు పాకిస్తాన్ నుంచి కట్టుబట్టలతో వచ్చిన కుటుంబాల్ని ఇక్కడ స్థిరపరిచారు. చేపల పులుసులో ఆవపిండి వేస్తారు, మీరు తినేవాళ్లయితే వదలకండి.

ఒక్క విషయం మాత్రం బాగా గుర్తుపెట్టుకోండి. అక్కడ సాయంత్రమన్నది చాలా ముందే వచ్చేస్తుంది. మన గడియారాలన్నీ ఏ రేఖాంశం లెక్కన నడుస్తాయో అది కాకినాడ దగ్గర్నుంచి పోతుంది. అండమాన్ దానికి పది డిగ్రీలు తూర్పున ఉంది, గడియారం మాత్రం మనదే. జనవరిలో విజయనగరంలో ఐదుముప్పావుకి పొద్దు గూకితే అక్కడ ఐదుంపావుకే గూకుతుంది. ‘సాయంత్రం టీ తాగి బీచికి వెళ్దాం’ అనుకుంటే చీకట్లో నిలబడతారు. మూడున్నరకల్లా రాధానగర్‌లో ఉండండి. పొద్దున కూడా అంతే, ఐదుముప్పావుకే సూర్యుడొచ్చేస్తాడు. ఒకరోజు లేవగలిగితే తూర్పున కాలాపత్తర్ దగ్గర చూడండి, లేవలేకపోతే వరండాలోంచే చూడండి. పిల్లల్ని స్కూల్‌కి తయారుచేయడానికి ఏళ్ల తరబడి లేస్తున్న మనిషిని పొద్దున్నే లేవమని నేను చెప్పను. పొద్దు గూకే వేళకి ఇసుకలో చిన్న పురుగులు కుడతాయి. కనపడవు, మర్నాడు కాళ్లంతా దద్దుర్లు. కాళ్లకి కొబ్బరినూనో దోమల క్రీమో రాసుకునే వెళ్లండి.

వాంతుల సంగతి. పడవ అనగానే భయపడిపోకండి, జనవరి సముద్రం చాలా రోజులు బుద్ధిగానే ఉంటుంది. ఖాళీ కడుపుతో ఎక్కొద్దు, కడుపునిండా పూరీలు తిని అసలే ఎక్కొద్దు. రెండు ఇడ్లీలు తినండి. బస్సులో వేసుకునే మాత్ర మీకు అలవాటుంటే, డాక్టర్ని ఒకమాట అడిగి, పడవ కదలడానికి గంట ముందు వేసుకోండి. ఎక్కేముందు వేసుకుంటే పని చేసేలోపు ప్రయాణం సగం అయిపోతుంది. ఏసీ పడవల్లో చాలావాటిలో లోపలే కూర్చోవాలి, బయట నిలబడనివ్వరు. టికెట్ తీసుకునేటప్పుడే కింది అంతస్తులో మధ్యలో సీట్లు అడగండి, అక్కడ కుదుపు తక్కువ. పై అంతస్తు టికెట్ ఎక్కువ ఖరీదు కదా అని మీవారు దానికి ఆశపడతారు. మీరు లొంగకండి. ఫోన్ చూడకుండా కిటికీలోంచి దూరంగా నీళ్లూ ఆకాశమూ కలిసే గీత చూస్తూ కూర్చోండి. ప్రభుత్వ పడవలు చౌక, కానీ నెమ్మది, టికెట్ దొరకడం కష్టం. మీ ప్రయాణానికి ప్రైవేటువే నయం. గుర్తింపు కార్డు ఒరిజినల్ చేతి సంచీలో ఉంచుకోండి.

మీవారి స్కూబా తీసేయమని చెప్పను. ఈత రానివాళ్లని కూడా ఒక శిక్షకుడు పక్కనే పట్టుకుని దింపుతాడు. కాకపోతే ముందు ఒక ఫారం ఇస్తారు. ఆస్తమా, బీపీ, చెవి జబ్బులు, గుండె సంగతులు అడుగుతారు. మగవాళ్లు అక్కడ అన్నిటికీ ‘లేదు’ అని టిక్కు పెట్టేస్తారు. నలభై మూడేళ్ల మనిషి, బయల్దేరే ముందే బీపీ చూపించుకోమనండి. స్కూబా చేశాక కనీసం 18 గంటలు, వీలైతే ఒకరోజు పూర్తిగా విమానం ఎక్కకూడదు. నీళ్లలోతున ఒంట్లోకి చేరిన నైట్రోజన్ పైకెక్కగానే బుడగలు కడుతుంది, అది ప్రమాదం. అందుకని దాన్ని మూడో రోజు పొద్దున పెట్టుకోండి, ఐదో రోజుకి తోయకండి.

ఆయన నీళ్లలో ఉన్న ఆ రెండు గంటలూ మీరేం చేస్తారు? ఏమీ చేయకండి. ఒడ్డున టవల్ పట్టుకుని నిలబడి ఫొటోలు తీయాల్సిన పని లేదు, లోపల ఫొటోలు వాళ్లే తీస్తారు. గదిలో పడుకోండి, లేదా ఒక కాఫీ తెప్పించుకుని వరండాలో కూర్చోండి. జంటగా వెళ్లినంత మాత్రాన నిమిషం నిమిషం అతుక్కుని ఉండాలని ఎవరూ రాసిపెట్టలేదు. ఆయన తిరిగొచ్చి ‘చేప ఇంత ఉంది తెలుసా’ అని చేతులు చాపి చెప్తుంటే వినడానికి మీకు ఓపిక మిగలాలి కదా. ఎలిఫెంట్ బీచి మీద జెట్‌స్కీలు, అరుపులు, పడవల కోసం లైన్లు. పగడాలు చూడాలని ఆయన పట్టుబడితే నాలుగో రోజు మొదటి పడవకి వెళ్లి పదకొండుకల్లా వచ్చేయండి. పట్టుబట్టకపోతే మీరు గుర్తుచేయకండి.

నీళ్లలోకి దిగే విషయంలో మాత్రం ధైర్యాలు వద్దు. ఆ దీవుల్లో ఉప్పునీటి మొసళ్లున్నాయి. 2010లో హావ్‌లాక్‌లో ఒక అమెరికా పర్యాటకురాలు మొసలి దాడిలో చనిపోయింది. లైఫ్‌గార్డులుండి, జెండాలు పాతిన చోటే మోకాలి లోతు వరకు దిగండి, పొద్దు వాలాక అసలు దిగొద్దు. పిల్లల కోసం పగడపు ముక్కలూ గవ్వలూ ఏరుకురాకండి. పగడాలు వన్యప్రాణి చట్టం కింద రక్షణ ఉన్నవి, ఎయిర్‌పోర్టులో పెట్టె తెరిపిస్తారు.

మొదటి సాయంత్రం సెల్యులర్ జైలు ఎందుకు ఉంచానంటే, అది చూడకుండా ఆ దీవి నుంచి రాకూడదని నా అభిప్రాయం. 1896లో మొదలుపెట్టి 1906కి కట్టారు. సైకిలు చక్రం పుల్లల్లా ఏడు వరసలుండేవి, ఇప్పుడు మూడే మిగిలాయి. ఒక గదిలోని మనిషికి ఇంకో మనిషి ముఖం కనపడకుండా, ఒక వరస ముందు భాగం ఇంకో వరస వీపుకి ఎదురుగా ఉండేట్టు కట్టారు. మన మన్యం నుంచి అల్లూరి అనుచరుడు గాం మల్లుదొర అండమాన్ శిక్ష అనుభవించి తిరిగొచ్చి, 1952లో లోక్‌సభకి ఎన్నికయ్యారు. ఉత్తరాంధ్రవాళ్లు, మీకు తెలిసే ఉంటుంది. గంటన్నర చాలు. సరదా ప్రయాణంలో ఇదేంటని మీవారంటే, చూసొచ్చాక ఏమంటారో వినండి. మేం ఆ రాత్రి భోజనం దగ్గర పెద్దగా మాట్లాడుకోలేదు, కానీ అది ఇంట్లో టీవీ ముందు మాట్లాడుకోకపోవడం లాంటిది కాదు.

భాష గురించి బెంగ పెట్టుకోకండి. 2011 జనగణన ప్రకారం అండమాన్ నికోబార్‌లో నూటికి పదమూడు మంది ఇంటి భాష తెలుగే. అందులో శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వెళ్లినవాళ్లు చాలామంది. పోర్ట్ బ్లెయిర్ బజారులో చేపలమ్మే ఆవిడ మీ యాసలోనే బేరమాడితే ఆశ్చర్యపోకండి. ‘మీదే ఊరమ్మా’ అని మొదలుపెడితే మాత్రం గంట పోతుంది.

ఆవకాయ సీసా తీసుకెళ్తారు, నాకు తెలుసు. చేతి సంచీలో పెడితే సెక్యూరిటీ దగ్గర తీయించేస్తారు. రెండు కవర్లు చుట్టి పెద్ద పెట్టెలో బట్టల మధ్య పెట్టండి, అది కూడా మీవారి బట్టల మధ్య. హావ్‌లాక్‌లో ఏటీఎంలు తక్కువ, ఫోన్‌పే కొట్టబోతే నెట్‌వర్క్ ఉండదు. స్కూటీకీ కొబ్బరిబోండాలకీ చాలినంత నోట్లు చేతిలో ఉంచుకోండి. 2020లో చెన్నై నుంచి సముద్రం అడుగున కేబుల్ వేశాక ఇంటర్నెట్ బాగుపడింది, హోటల్ వైఫైలో వీడియో కాల్ వస్తుంది. రావడమే అసలు ఇబ్బంది. పిల్లలు గంటకోసారి చేసి ‘అమ్మా, నా జామెట్రీ బాక్స్ ఎక్కడ’ అంటారు. రాత్రి ఏడున్నరకి ఒక్కసారే మాట్లాడతామని అత్తగారితో ముందే అనుకోండి. అర్జెంటైతే ఆవిడే చేస్తారు. పిల్లల్ని పెంచిన మనిషి ఆవిడ, జామెట్రీ బాక్స్ వెతకలేరా?

మీవారితో ఈ మార్పులన్నీ ఎలా చెప్పాలన్నది మీరు అడగలేదు గానీ, అసలు చిక్కు అదే. ‘మీకు అన్నీ చూడాలన్న యావ’ అని మొదలుపెడితే ప్రయాణం ఇంట్లోనే అయిపోతుంది. డబ్బు దండగ కాకూడదన్నది ఆయన బాధ, అది న్యాయమైనదే. కాబట్టి డబ్బు లెక్కతోనే చెప్పండి. ఏజెంటు ప్యాకేజీ ముందు పెట్టి, ఒక్కో చోటు పక్కన అక్కడ ఉండేది ఎన్ని నిమిషాలో రాయమనండి. పెన్ను ఆయన చేతికే ఇవ్వండి. రాధానగర్ పక్కన నలభై అని రాశాక ఆయనే ఏదో ఒకటి కొట్టేస్తారు. మొదట నార్త్ బే కొట్టేస్తారని నా పందెం. పగలు ఎలా గడపాలన్నది కూడా ముందే ఒక ఒప్పందానికి రండి. పొద్దున ఆయనిష్టం, సాయంత్రం మీ ఇష్టం, మధ్యాహ్నం భోజనం తర్వాత మూడింటిదాకా ఎవరూ ఎవర్నీ ఎక్కడికీ రమ్మనకూడదు.

మాల్దీవుల మాటకొస్తే, ఒక దీవి, ఒక హోటలు, కదలక్కర్లేదు. మీరు కోరుకునే తీరిక అక్కడ వందకి వంద పాళ్లు ఉంటుంది. మన పాస్‌పోర్టుకి దిగగానే ముప్పై రోజుల వీసా ఉచితంగా ఇస్తారు. కానీ విమానాశ్రయం నుంచి ఆ దీవికి స్పీడ్‌బోటో సీప్లేనో కట్టాలి. సీప్లేన్లు పగలే ఎగురుతాయి, సాయంత్రం దిగారంటే ఆ రాత్రి రాజధాని మాలే దగ్గర్లో ఎక్కడో గడపాలి. మంచినీళ్ల సీసా నుంచి అన్నీ డాలర్లలో బిల్లు వేస్తుంటే మీవారు సముద్రం చూస్తారా, బిల్లు చూస్తారా? లక్షద్వీప్ బాగుంటుంది, కానీ ముందు అనుమతి తీసుకోవాలి, విమానం అగత్తి అనే దీవికే, గదులు కొద్ది. ఈ సంక్రాంతి నాటికి కుదిరే పని కాదు.

చీరల గురించి నవ్వలేదు. నేనూ అదే అడిగాను ఒకప్పుడు మా చెల్లెల్ని. రాధానగర్‌లో చీరకట్టుతో, కుచ్చిళ్లు ఎగదోపుకుని అలల్లో నిలబడ్డ ఆడవాళ్లు బోలెడుమంది ఉంటారు, ఎవరూ తిరిగి చూడరు. కాకపోతే తడిసిన చీర బరువెక్కి కాళ్లకి చుట్టుకుంటుంది, ఈత రానివాళ్లకి అది మంచిది కాదు. పడవ ఎక్కి దిగడానికీ, స్కూటీ మీదకీ పంజాబీ డ్రెస్సులు పెట్టుకోండి. జైలు చూసే రోజుకీ, ఒక రాత్రి భోజనానికీ చీరలు. వీటితోపాటు బాగా ఉతికి ఉతికి మెత్తబడ్డ పాత నేత చీర ఒకటి పెట్టె అడుగున వేయండి. కట్టుకోవడానికి కాదు, రాధానగర్‌లో చెట్ల కింద పరుచుకోవడానికి. హోటల్ టవల్ ఇద్దరికి చాలదు.